తెర నల్లబడిన వేళ: మానిటరు పరిమితి, దాని సవరణ

గత సంవత్సరము మన వార్షిక సంచిక పని చివరి దశలో ఉండెను. ఉర్దూ విభాగపు పుటలు మరునాడు అచ్చుకు పోవలసి యున్నవి. ఆ మధ్యాహ్నము ప్రయోగశాలలోని కంప్యూటరు తెర ఒక్కసారిగా నల్లబడెను. ‘అవుట్ ఆఫ్ రేంజ్’ అను మూడు మాటలు క్షణకాలము కనిపించి, అవియు మాయమయ్యెను. మానిటరు పోయినదని కొందరు, యంత్రమే పోయినదని కొందరు అనిరి. క్రొత్తది కొనుమని కళాశాల కమిటీకి అర్జీ వ్రాయుటకు కూడ మేము సిద్ధపడితిమి. తీరా చూడగా చెడిపోయినది ఏదియు లేదు. మానిటరు చూపలేని కొలతను మేమే అడిగితిమి. ఆనాడు మేము నేర్చిన పాఠమును విద్యార్థి మిత్రులకు తెలుపుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

కొలత అనగా నేమి?

తెరమీది ప్రతి అక్షరము చిన్న చుక్కల కూర్పు. ఈ చుక్కనే పిక్సెల్ అందురు. తెరపై అడ్డముగా ఎన్ని చుక్కలు, నిలువుగా ఎన్ని చుక్కలు అను లెక్కయే రిజల్యూషన్. 1987లో ఐ.బి.ఎం. సంస్థ ప్రవేశపెట్టిన వి.జి.ఎ. పద్ధతిలో అడ్డముగా 640, నిలువుగా 480, మొత్తము 3,07,200 చుక్కలు. మా మానిటరు పాత రకపుది. దాని సహజమైన కొలత 1280 × 1024. ఇప్పటి వెడల్పు తెరలలో 1920 × 1080 సాధారణము.

తెరమీది బొమ్మ సెకనుకు సుమారు 60 మారులు తిరిగి వ్రాయబడుచుండును. ఆ లెక్కన మా మానిటరుకు సెకనుకు 7 కోట్ల 86 లక్షల చుక్కలు చాలును. 1920 × 1080 అడిగినచో 12 కోట్ల 44 లక్షల చుక్కలు వచ్చి పడును. అంత వేగమును అందుకొనుటకు ఆ మానిటరు నిర్మింపబడలేదు.

ఏలూరు కాలువపై లాకులను చూచినవారికి ఇది సులభముగా బోధపడును. ధవళేశ్వరము వైపు నుండి తాడేపల్లిగూడెము మీదుగా వచ్చు ఈ కాలువలో ఒకప్పుడు సరకుల పడవలు నడిచెడివి. లాకు వెడల్పును మించిన పడవ వచ్చినచో అది లోనికి పోదు. అంతమాత్రమున పడవకు చిల్లి పడినదనిగాని, లాకు తలుపు విరిగినదనిగాని ఎవరును అనరు. మానిటరు చూపిన ఆ మూడు మాటలు అట్టివే. పూర్వపు గాజు గొట్టపు మానిటర్లలో కొన్ని, తమ పరిమితిని మించిన సంకేతము వచ్చినచో నిజముగనే దెబ్బతినెడివి. తరువాతి వానిలో అట్టి సంకేతమును త్రోసిపుచ్చు ఏర్పాటు వచ్చినది. కనుక నల్లని తెర తెగులు కాదు, జాగ్రత్త.

పొరపాటు ఎట్లు జరిగినది?

ఉర్దూ నస్తాలీక్ లిపిలో బే, పే, తే అను అక్షరముల రూపమొకటే. క్రింద ఒక చుక్క యున్న బే, క్రింద మూడున్న పే, పైన రెండున్న తే. చుక్క చెదరినచో మాటయే మారును. తెలుగులో ప, ష లకు గల భేదమును అటువంటిదే. పొట్టలోని చిన్న గీత కనబడనిచో రెండును ఒకటిగా తోచును. అందుచే అక్షరములు స్పష్టముగా కనబడవలెనని మా విద్యార్థి యొకడు కొలతను పెంచెను. అతని కోరిక న్యాయమైనదే.

సాధారణముగా మానిటరు తన శక్తిని తానే కంప్యూటరుకు తెలుపును. ఇందుకై వి.ఇ.ఎస్.ఎ. సంస్థ 1994లో ఇ.డి.ఐ.డి. అను ఏర్పాటును ప్రకటించినది. 128 బైట్ల చిన్న పట్టికలో మానిటరు చూపగల కొలతలు వ్రాసి యుండును. 15 పిన్నుల వి.జి.ఎ. తీగలో 12వ, 15వ పిన్నులు ఈ సమాచారమును మోయును. మా తీగలో వానిలో ఒకటి విరిగి యుండెను. తెర ఎట్టిదో తెలియని కంప్యూటరు అన్ని కొలతలను చూపినది. విద్యార్థి పెద్దదానిని ఎన్నుకొనెను.

అప్పటికిని మించిపోలేదు. విండోస్‌లో కొలత మార్చిన పిదప, దానిని ఉంచవలెనా అని ప్రశ్న వచ్చును. 15 సెకనులలో సమాధానము రానిచో పాత కొలత దానంతటదే తిరిగివచ్చును. కాని తెర నల్లబడగనే కంగారుతో మీటలన్నియు నొక్కితిమి. వానిలో ఏదో ‘ఉంచుము’ అను సమాధానమైనది. కనుక మొదటి సూత్రము: తెర నల్లబడినచో చేతులు తీసి 15 సెకనులు ఊరకుండవలెను.

సవరించు విధము

మొదట యంత్రమును ఆపి, మరల వేసి చూడవలెను. ఆరంభమున తయారీదారు గుర్తు కనబడి, విండోస్ వచ్చు వేళకు తెర నల్లబడినచో, మానిటరు బాగుగనే యున్నది, దోషము అమరికలోనిది. ఆరంభము నుండియే ఏమియు కనబడనిచో తీగను, విద్యుత్తును పరీక్షింపవలెను.

దోషము అమరికలోనిదైనచో, పెద్ద కొలతను చూపగల మరియొక మానిటరును కూడ తగిలించి, దాని సాయమున పాత తెర కొలతను తగ్గించుట సులభమైన మార్గము. అది లేనిచో, విండోస్ గుర్తు రాగానే పవర్ మీటను అదిమిపట్టి ఆపవలెను. ఇట్లు రెండు మూడు మారులు చేయగా మరమ్మతు తెర వచ్చును. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ అను వరుసలో పోయి, రీస్టార్ట్ చేసి, 3 అంకెను నొక్కినచో యంత్రము తక్కువ కొలతతో తెరచుకొనును. అప్పుడు మానిటరు సహజ కొలతను ఎన్నుకొని, మరల మామూలుగా ప్రారంభింపవలెను. అక్షరములు చిన్నవిగా తోచినచో కొలతను మార్చక, స్కేల్ అను అమరికతో అక్షరములనే పెద్దవి చేసికొనవలెను. పలుచని తెరలు తమ సహజ కొలతలోనే అక్షరములను స్ఫుటముగా చూపును.

మేము ఇట్లే చేసితిమి. తీగను మార్చితిమి. పుటలు అనుకొన్న దినముననే అచ్చుకు పోయినవి. అర్జీ కాగితము బల్ల సొరుగులోనే మిగిలినది.

కొల్లేటి లంక గ్రామముల నుండి వచ్చు మన విద్యార్థులలో కొందరికి ఈ గదిలోని కంప్యూటరే మొదటి కంప్యూటరు. సాయంకాలపు బస్సు వేళకు వారు వెడలిపోవలెను. ఒక యంత్రము వారము దినములు మూలబడినచో, ఆ వారము వారికి తిరిగి రాదు. కావున కమిటీవారికి మా మనవి రెండే. ప్రతి మానిటరుపైనను దాని సహజ కొలతను తెలుపు చీటీని, ఉర్దూ తెలుగు రెండింటను వ్రాసి, అంటింపవలెను. మంచి తీగ నొకదానిని ప్రయోగశాలలో సిద్ధముగా నుంచవలెను. ఇక విద్యార్థి మిత్రులకు మేము చెప్పునది ఒక్కటే: పనిచేయుట మానిన వస్తువును చూచి, అది చెడినదని తీర్పు చెప్పుటకు ముందు, దానిని మనమేమి అడిగితిమో ఒకమారు విచారింతుము గాక.