గోలీ ముందా, అన్నం ముందా?

చార్మినార్ పక్కన లాడ్ బజార్. అక్కడ లక్క గాజులకు రాళ్ళు అతికే అక్క ఒకామె ఉంది. అత్తమ్మకు షుగర్. గోలీల కవరు మీద ‘డైలీ, బిఫోర్ ఫుడ్’ అని రాసి ఉంది. ‘ఫుడ్’ అంటే అన్నం అని అక్కకు తెలుసు. అందుకని అన్నం పెట్టాకే గోలీ ఇచ్చేది. షుగర్ తగ్గలేదు.

అక్క కవరు తెచ్చి చదువు కేంద్రంలో చూపింది.

‘డైలీ’ అంటే రోజూ. ‘బిఫోర్’ అంటే ముందు, ‘ఆఫ్టర్’ అంటే తర్వాత. మనం ‘అన్నానికి ముందు’ అంటాం. ఇంగ్లీషులో ‘ముందు’ అనే మాటే ముందు వస్తుంది. తిరగేసి చదవాలి, అంతే!

‘గివ్’ అంటే ఇవ్వు. అయిపోయిన పనికి ‘గేవ్’. ఇచ్చాను, ఇచ్చింది, ఇచ్చారు... అన్నిటికీ ‘గేవ్’ ఒక్కటే. ఈ ఒక్క చోట ఇంగ్లీషే సులువు.

మళ్ళీ దవాఖానాకు పోయినప్పుడు డాక్టరమ్మ అడిగింది. అక్క చెప్పింది: “ఐ గేవ్ బిఫోర్ ఫుడ్.”

మీ ఇంట్లో గోలీల కవరు మీద ఏముంది? తీసి చదవండి.