ఎండతో కొలిమి: వేడి జమాఖర్చు



వేసవి సెలవుల్లో నేను హైదరాబాద్ రహమత్ నగర్‌లో మా బావ ఇంట్లో ఉన్నాను. బావ సినిమా షూటింగుల్లో రిఫ్లెక్టర్ పట్టే పని చేస్తాడు. ఒకరోజు నన్నూ ఫిల్మ్ నగర్ తీసుకెళ్ళాడు. వెండి కాగితం అంటించిన ఆ పలక వెలుగు చెంప మీద పడగానే చురుక్కుమంది. ఒక ఎండకి ఇంకో ఎండ తోడైందన్నమాట! అప్పుడు మన హాస్టల్ వంటగది గుర్తొచ్చింది. తడి కట్టెల పొగకి వంటక్క కళ్ళు రోజూ మండుతాయి. ఎండతో అన్నం వండలేమా?

వండారు. తిరుమలలో 2002లో 106 పుటాకార అద్దాల డిష్‌లు పెట్టారు. ఒక్కొక్కటి 9 చదరపు మీటర్లకు పైనే. 180 డిగ్రీల ఆవిరితో రోజుకు సుమారు 15,000 మందికి వండేలా దాన్ని కట్టారు.

వేడి మూడు దారుల్లో వెళ్తుందని చదువుకున్నాం.

1. వహనం: గరిట కాడ కాలడం.
2. సంవహనం: గాలి, నీళ్ళు వేడిని మోసుకుపోవడం.
3. వికిరణం: పొయ్యికి దూరంగా కూర్చున్నా సెగ తగలడం.

అద్దాల వెలుగు పడే పాత్రను రిసీవర్ అంటారు. దాని లెక్క ఇదీ:

వచ్చిన వేడి = పనికొచ్చిన వేడి + బయటికి పోయిన వేడి

మొదటి రెండు దారులను మందపాటి గోడ కట్టి, గాలి తగలకుండా చేసి చాలావరకు ఆపవచ్చు. మూడోదే పెద్ద దొంగ! స్టీఫాన్–బోల్ట్‌జ్‌మన్ నియమం ప్రకారం కెల్విన్లలో ఉష్ణోగ్రత రెట్టింపైతే వికిరణం 16 రెట్లు అవుతుంది.

మధ్యాహ్నపు ఎండ చదరపు మీటరుకు సుమారు 1,000 వాట్లు. కానీ 180 డిగ్రీల నల్ల రేకు అంతే మేర నుంచి సుమారు 2,400 వాట్లు బయటికి పంపేస్తుంది. అందుకే ఉత్త ఎండలో పెట్టిన రేకు అంత వేడెక్కదు, అద్దాలు కావాలి. 1,000 డిగ్రీల దగ్గరైతే పోయేది సుమారు 1,49,000 వాట్లు!

సున్నపురాయి సున్నం కావాలంటే దాదాపు 900 డిగ్రీలు కావాలి. ఎండ వేడితో ఇలా పదార్థాన్నే మార్చే పాత్రను సౌర రియాక్టర్ అంటారు. అంత వేడిని నిలపడం ఎలా? చిన్న మూతి కుండలాగా! వెలుగు మూతిలోంచి లోపలికి పోయి, గోడలకు తగిలి తగిలి అక్కడే ఇంకిపోతుంది. బయటికి పోవాలన్నా ఆ మూతే దారి.

9 చదరపు మీటర్ల అద్దం 9,000 వాట్లు తెచ్చిందనుకుందాం. లోపల 1,000 డిగ్రీలు ఉండాలి.

మూతి 0.1 చదరపు మీటరైతే పోయేది 14,900 వాట్లు. రాబడి కంటే ఖర్చే ఎక్కువ!
మూతి 0.01 చదరపు మీటరైతే పోయేది 1,490 వాట్లే.

మరీ చిన్నదైతే అద్దం కొంచెం వంకరున్నా వెలుగు పక్కన పడి వృథా అవుతుంది. సరైన మూతి ఎంతో, కట్టకముందే కాగితం మీద, కంప్యూటర్‌లో లెక్క వేసి చూడడమే మోడలింగ్.

మన అన్నానికి 1,000 డిగ్రీలు అక్కర్లేదు, ఆవిరి చాలు. వానాకాలంలో మాత్రం పొయ్యి తప్పదు. వార్డెన్ సారూ, మన మేడ మీద ఎండ ఊరికే పడి పోతోంది. ఒక్క డిష్‌కి లెక్క వేసి చూద్దామా?

మీకో లెక్క: మూతి 0.05 చదరపు మీటరైతే పనికి మిగిలేది ఎన్ని వాట్లు? జవాబు నా నోట్సులో ఉంది. ముందు మీరు చెయ్యండి!

– 10వ తరగతి విద్యార్థి