కూలిన వంతెనకు ఖజానా సొమ్ము: వైపరీత్య నిధులపై ఒక పరిశీలన

గత విద్యాసంవత్సరంలో ప్రభుత్వ విత్తశాస్త్రం బోధిస్తున్నప్పుడు ఒక విద్యార్థి లేచి మమ్ములను ఇట్లు అడిగినాడు: "సార్, వరదలో ఇల్లు పోయినవారికి సర్కారు సొమ్ము ఇస్తుంది. బడి పోతే ఎవరికి ఇస్తుంది?" తరగతిలో నవ్వులు వినవచ్చినవి గాని, ఆ ప్రశ్నలో నవ్వదగినదేమీ లేదు. ఇల్లు కూలినవాడు తన నష్టాన్ని తానే చెప్పుకొంటాడు; తహసీలు కచేరీ గడప తొక్కుతాడు, పంచనామా రాయించుకొంటాడు. బడి, వంతెన, మంచినీటి ట్యాంకు, ఆరోగ్య కేంద్రం అందరివీ. అందరివి అయినందువల్లనే వాటి పక్షాన నోరు విప్పేవాడు ఎవరో వెదుక్కోవలసి వస్తుంది. మన పాఠ్యగ్రంథాలలో ఈ విషయం నాలుగు వాక్యాలకు మించి కనిపించదు. ఆ లోటు కొంతయినా తీర్చవలెనని ఈ వ్యాసానికి పూనుకొన్నాము.

ఈ వ్యవహారంలో మన తెలుగు కచేరీలు వాడే మాటలు, కచేరీ అన్న మాటతో సహా, చాలావరకు ఉర్దూ మార్గాన వచ్చినవే: దరఖాస్తు, మంజూరు, ఖజానా, మరమ్మతు. వీటిలో చివరి మాటను పాఠకులు జ్ఞాపకం ఉంచుకొనవలెనని కోరుతున్నాము. మరమ్మతు వేరు, పునర్నిర్మాణం వేరు. దెబ్బతిన్న కట్టడాన్ని వెంటనే వాడుకకు తెచ్చుట మరమ్మతు. మరుసటి వరదకు తిరిగి దెబ్బతినని విధంగా కట్టుట పునర్నిర్మాణం. మన దేశంలో వైపరీత్య నిధులు చాలాకాలం మొదటిదానికే పుట్టి, మొదటిదానికే పెరిగినవని మా అభిప్రాయం.

ఈ భేదం తెలియుటకు హైదరాబాదు చరిత్రను మించిన ఉదాహరణ లేదు. 1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగి నగరాన్ని ముంచినది. సుమారు 15,000 మంది మరణించినట్లు అంచనా. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి నాశనమైనది. ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు నెక్కి నూటయాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకొన్నారు. ఉర్దూ రుబాయీలకు ప్రసిద్ధుడైన కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలోనే తల్లిని, భార్యను, కుమార్తెను పోగొట్టుకొన్నారు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించినది. ఆయన కూలినదానిని కూలినచోటనే నిలబెట్టి ఊరుకొనుటకు సమ్మతించలేదు. నగరానికి పైభాగాన వరదనీటిని ఆపగల జలాశయాలు నిర్మించవలెనని చెప్పినారు. ఉస్మాన్ సాగర్ 1920లోను, హిమాయత్ సాగర్ 1927లోను పూర్తియైనవి. మధ్యలో, 1912లో, నగరాభివృద్ధి బోర్డు ఏర్పడినది. పోయిన ఆసుపత్రికి బదులుగా ఉస్మానియా ఆసుపత్రి భవ్యమైన భవనం మూసీ ఒడ్డున వెలసినది.

ఇందుమూలంగా రాచరికమే మేలని ఎవరైనా అనుకొనినచో అది పొరపాటు. నాడు ఖజానా, నిర్ణయం రెండూ ఒకే చేతిలో ఉన్నవి. ఆ చేయి కదిలినచో పని జరిగినది; కదలకపోయినచో అడిగే హక్కు ప్రజలకు లేదు. నేడు అడిగే హక్కు ఉన్నది. అయితే సొమ్ము కేంద్రం, రాష్ట్రం, ఆర్థిక సంఘం, నిబంధనల పట్టిక అను అనేక ద్వారాలు దాటి రావలసి ఉన్నది.

బ్రిటిషు పాలిత ప్రాంతాలలో 1880 నాటి కరువు సంఘం సిఫార్సుల నుండి కరువు నిబంధనావళులు పుట్టినవి. వాటి సూత్రం సులభం: పనిలేని కూలికి పని కల్పించవలెను, ఆ పని రోడ్డు గాని చెరువు గాని కావలెను. అనగా కరువులో రోడ్డు వైద్యుడు. వరదలో ఆ రోడ్డే రోగి. కరువును దృష్టిలో ఉంచుకొని పెంచిన ఆలోచన, తుఫానులకు వరదలకు వచ్చేసరికి చాలకపోవుటకు ఇది ఒక కారణమని మాకు తోచుచున్నది.

స్వాతంత్ర్యానంతరం 1957లో రెండవ ఆర్థిక సంఘం రాష్ట్రాలకు వైపరీత్య వ్యయం నిమిత్తం 'మార్జిన్ మనీ' పేరుతో కొంత సొమ్ము విడిగా కేటాయించుట ప్రారంభించినది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన తుడిచిపెట్టినప్పుడు అమలులో ఉన్న పద్ధతి ఇదే. తొమ్మిదవ ఆర్థిక సంఘం దీనిని మార్చి, 1990 నుండి ప్రతి రాష్ట్రానికి ఒక వైపరీత్య సహాయ నిధి ఉండవలెనని, అందులో ముప్పాతిక భాగం కేంద్రం, పాతిక భాగం రాష్ట్రం వేయవలెనని నిర్ణయించినది. ఆపద వచ్చిన తరువాత ఢిల్లీకి పరుగెత్తుటకు బదులు, రాకముందే రాష్ట్రం చేతిలో సొమ్ము ఉండుట ఇందలి సుగుణం. తరువాతి పేర్ల మార్పులు విద్యార్థులను తికమక పెట్టును గాని, మూలసూత్రం అదే.

పదకొండవ ఆర్థిక సంఘం విషయం మాత్రం ఇక్కడ ఆగి చెప్పవలసి ఉన్నది. దాని అధ్యక్షుడు ఆచార్య ఎ. ఎం. ఖుస్రో మన హైదరాబాదువారు, జాగీర్దారీ రద్దు ఫలితాలను పరిశోధించిన ఆర్థికవేత్త. రాష్ట్రానికి శక్తి చాలని పెద్ద ఆపదలకు 500 కోట్ల రూపాయల మూలధనంతో జాతీయ నిధి నొకదానిని ఆ సంఘం సూచించినది. ఖర్చైన కొద్దీ దానిని నింపుటకు ప్రత్యేక పన్ను ఉండవలెనన్నది. 2001లో సిగరెట్లు, పాన్ మసాలా మొదలైనవాటిపై జాతీయ వైపరీత్య సుంకం వచ్చినది ఇందువల్లనే. పొగ త్రాగువాడు తెలియకుండానే వరదబాధితునికి చందా ఇచ్చినాడన్నమాట! 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం తరువాత, 2010 నుండి ఈ రెండు నిధులు రాష్ట్ర, జాతీయ విపత్తు ప్రతిస్పందన నిధులుగా మారినవి.

ఇక మన విద్యార్థి అడిగిన బడి సంగతి. ప్రతిస్పందన నిధి నుండి ఏ పనికి ఎంత ఇవ్వవచ్చునో కేంద్ర హోం శాఖ ఒక పట్టిక ప్రకటిస్తుంది. అందులో రోడ్లు, వంతెనలు, తాగునీటి పథకాలు, చిన్ననీటి వనరులు, ప్రాథమిక పాఠశాలలు, ఆరోగ్య కేంద్రాలు, పంచాయతీ ఆస్తులు ఉన్నవి. అయితే ప్రతిదానికి ముందు ఒక విశేషణం తగిలించి ఉన్నది: 'తక్షణ స్వభావం గల' మరమ్మతు. 2015 నుండి 2020 వరకు అమలైన పట్టిక ప్రకారం గ్రామీణ రహదారికి కిలోమీటరుకు 60 వేల రూపాయలు, రాష్ట్ర రహదారికి లక్ష రూపాయలు, ప్రాథమిక పాఠశాల భవనానికి లక్షన్నర పరిమితి. ఒక కిలోమీటరు తారు రోడ్డు కొత్తగా వేయుటకు పదుల లక్షలు కావలసి ఉండగా, అరవై వేలతో ఏమి చేయవచ్చును? గుంతలు పూడ్చవచ్చును, కోసుకుపోయిన చోట మట్టి పోసి బస్సు నడిపించవచ్చును. దానికే ఆ సొమ్ము ఉద్దేశింపబడినది. ఇది సహాయమే గాని నష్టపరిహారం కాదని ప్రభుత్వం పదేపదే చెప్పుటలో దాపరికం లేదు. దీనిని పరిహారమని భ్రమించుట మన పొరపాటు.

2024 నాటి బుడమేరు వరద ఈ భేదాన్ని కళ్లకు కట్టినది. ఆ సంవత్సరం ఆగస్టు నెలాఖరున, సెప్టెంబరు మొదట కురిసిన వానలకు బుడమేరు మళ్లింపు కాలువ కట్టకు మూడుచోట్ల గండ్లు పడి, విజయవాడలోని సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీటిలో ఉండినది. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ నుండి 11.43 లక్షల క్యూసెక్కుల నీరు, మునుపెన్నడూ లేనంతగా, దిగువకు పోయినది. ఇంజనీర్లు, కూలీలు, చివరకు సైనికులు కూడ పనిచేసి సెప్టెంబరు 7 నాటికి మూడవ గండిని పూడ్చినారు. వారం రోజుల్లో గండి పూడ్చుట తక్షణ మరమ్మతు. అది అద్భుతంగా జరిగినదని ఒప్పుకొనవలెను. కాని ఆ కాలువ ఎంత వరదను మోయగలదు, కట్ట ఎంత ఎత్తుండవలెను, నీరు పోవు దారిలో ఇండ్లు ఎట్లు వెలసినవి అను ప్రశ్నలకు గండి పూడ్చు పద్దులో చోటు లేదు.

సొమ్ము వచ్చిన తీరు కూడ చూడదగినది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన ప్రాథమిక నివేదికలో నష్టం 6,880 కోట్లని తెలిపినది. అక్టోబరు 1న కేంద్రం 14 రాష్ట్రాలకు, రాష్ట్ర నిధిలో తన వాటాగాను జాతీయ నిధి నుండి ముందస్తుగాను, 5,858.60 కోట్లు విడుదల చేసినది. అందులో ఆంధ్రప్రదేశ్‌కు 1,036 కోట్లు, తెలంగాణకు 416.80 కోట్లు. తరువాత కేంద్ర బృందం పర్యటన, నివేదిక, ఉన్నతస్థాయి సంఘం పరిశీలన ముగిసి, 2025 ఫిబ్రవరిలో జాతీయ నిధి నుండి ఆంధ్రప్రదేశ్‌కు 608.08 కోట్లు, తెలంగాణకు 231.75 కోట్లు మంజూరైనవి. అదికూడ రాష్ట్ర నిధిలో అప్పటికి ఉన్న నిల్వలో సగం మినహాయించు షరతుతో. నష్టపు అంకెకు, వచ్చిన అంకెకు గల దూరాన్ని చూచి కొందరు కేంద్రాన్ని, కొందరు రాష్ట్రాన్ని నిందిస్తారు. నిందలో పాలు ఎవరికెంత ఉన్నా, దూరంలో అధికభాగం నిబంధనల పట్టికలోనే పుట్టినదని గమనించవలెను. నష్టాన్ని కట్టడపు విలువతో లెక్కిస్తారు. సహాయాన్ని పట్టిక ధరతో లెక్కిస్తారు.

మరి పునర్నిర్మాణానికి సొమ్ము ఎక్కడినుండి వచ్చినది? చాలాసార్లు అప్పునుండి. 1990 మే తుఫాను తరువాత, మరల 1996 నవంబరు కోనసీమ తుఫాను తరువాత ఆంధ్రప్రదేశ్ ప్రపంచ బ్యాంకు రుణాలు తీసుకొన్నది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు రాష్ట్రం లెక్కించిన నష్టం సుమారు 21,900 కోట్లు. ప్రధానమంత్రి ప్రకటించిన తక్షణ సహాయం 1,000 కోట్లు. 2015లో 25 కోట్ల డాలర్ల ప్రపంచ బ్యాంకు రుణం మంజూరైన తరువాతనే విశాఖలో విద్యుత్తు తీగలను భూమిలోపల వేయు పని సాధ్యమైనది. స్తంభాలను తిరిగి పాతుట మరమ్మతు, తీగలను గాలికి అందకుండా చేయుట పునర్నిర్మాణం అని విద్యార్థులు వేరుగా చెప్పనవసరం లేకుండానే గ్రహించగలరు. 2024 జూలై వయనాడు కొండచరియల విషాదం తరువాత కూడ, 2025 ఫిబ్రవరిలో కేరళకు 16 పనుల నిమిత్తం 529.50 కోట్లు వడ్డీలేని రుణంగానే వచ్చినవి. వాటిని మార్చి 31లోగా ఖర్చు చేయవలెనని మొదట షరతు. కట్టడాలు కట్టిన అనుభవం ఉన్నవారెవరైనా ఆ గడువును చూచి నిట్టూర్చక మానరు.

ఈ లోటును పదిహేనవ ఆర్థిక సంఘం గుర్తించినది. 2021 నుండి 2026 వరకు రాష్ట్రాల విపత్తు నిధులకు మొత్తం 1,60,153 కోట్లు సూచించి, దానిని భాగాలుగా విడదీసినది: తక్షణ సహాయానికి నూటికి 40, పునరుద్ధరణకు పునర్నిర్మాణానికి 30, సన్నద్ధతకు 10, ముందుజాగ్రత్త పనులకు 20. ముప్పై పాళ్లు అనగా సుమారు 48,000 కోట్లు. పునర్నిర్మాణానికి ఖజానాలో తనదంటూ ఒక అర ఏర్పడుట ఒక మంచి మలుపు. అయితే ఆ అరకు తాళంచెవి ఒకటున్నది. ఆపద తరువాత అవసరాల అంచనా శాస్త్రీయంగా జరుగవలెను: ఏ కట్టడం ఎంత దెబ్బతిన్నది, అంతకుముందు ఎట్లున్నది, తిరిగి ఏ ప్రమాణంలో కట్టవలెను అన్నవి కాగితంపై ఉండవలెను.

చిక్కంతా ఆ 'అంతకుముందు' అన్నచోటనే. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి మన కర్నూలును ముంచినప్పుడు శ్రీశైలం జలాశయం పూర్తిమట్టమైన 885 అడుగులను దాటి 896 అడుగులకు చేరినది. నాడు ఊరిలో గోడలతోపాటు దస్త్రాలు కూడ తడిసిపోయినవి. పోయినది ఏమిటో రుజువు చేయగల కాగితం పోయినదానితోనే పోయినచో అంచనా ఎవరు వేయగలరు?

కళాశాల కమిటీవారికి ఈ సందర్భంలో ఒక మనవి. సొసైటీ యాజమాన్యంలోని విద్యాలయ భవనం ప్రతిస్పందన నిధి పట్టికలో పేరుపెట్టి కనబడదు. ఊరంతా మునిగినప్పుడు ప్రజలు తలదాచుకొనుటకు ముందుగా తెరిచేది మాత్రం ఇట్టి భవనాలనే. కావున బీమా పత్రం, భవనపు ప్రణాళిక, గదుల ఫోటోలు, సామాను జాబితా, వీటి నకళ్లు ఊరిబయట మరొకచోట ఉంచుట, విద్యుత్తు బోర్డులను, ప్రయోగశాల పరికరాలను, గ్రంథాలయపు అరుదైన ఉర్దూ ప్రతులను పై అంతస్తుకు చేర్చుట పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు.

మా విభాగపు విద్యార్థులు కొందరు ఈ సంవత్సరం ఒక వార్డులోని ప్రజా కట్టడాల వివరాలు ఒక పుస్తకంలో రాయుటకు పూనుకొన్నారు. మొదట ఒక ప్రాథమిక పాఠశాలకు వెళ్లినారు. అది ఏ సంవత్సరంలో కట్టినదో చెప్పగలవారు లేరు. పాత రిజిస్టరు వరదలో పోయినదట. మూడవ తరగతి గదిలో తలుపు పక్కన, సున్నపు పూతల కింద, అప్పటి ఉపాధ్యాయుడెవరో మేకుతో గీసిన ఒక గీత, దాని పక్కన తేదీ కనిపించినవి. పిల్లలు టేపు పట్టి కొలిచి మొదటి పుటలో రాసుకొన్నారు: నేలనుండి 5 అడుగుల 4 అంగుళాలు.