మంగళగిరి చీర, ఫోన్‌లో బేరం

గుంటూరు

చి. అమ్ములుకి,

మీ నాన్న నేసే చీరల కోసం ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ తెరిచావని, ఫాలోవర్లు పెరిగే దారి చెప్పమని రాశావు. రీల్సుకి ఏ పాట పెట్టాలో నీ ఈడు పిల్లలకే తెలుస్తుంది, ఆ జోలికి నేను రాను. ఇక్కడ కొట్టు నడుపుతూ ఫోన్ మీద కూడా చీరలమ్మే మనిషిని కాబట్టి అమ్మకం సంగతి చెప్తాను.

ముందు ఒక లెక్క వేసుకో. మీ ఇంట్లో ఉన్నది రెండు మగ్గాలు. మీ నాన్న, బాబాయి కలిసి నెలకు ఎన్ని చీరలు దించగలరో నీకు తెలుసు. ఒక రీలు లక్షమంది చూశారనుకో, అందులో వందమంది "అదే చీర కావాలి" అన్నారనుకో, ఎక్కణ్ణుంచి తెస్తావు? ఒప్పుకుంటే మాట తప్పాలి, లేదా మరమగ్గం చీర తెచ్చి మనదని అంటగట్టాలి. ఈ రెండో పని చేసినవాళ్ళను నేను చూశాను. మీకు కావలసింది లక్షమంది కాదే. ఏడాదికి రెండు మూడు చీరలు మళ్ళీ మళ్ళీ కొనే వంద కుటుంబాలు దొరికితే ఆ రెండు మగ్గాలకూ తీరిక ఉండదు.

ఆ వందమంది జాబితా నీ దగ్గరే ఉండాలి. 2020 జూన్ 29న ప్రభుత్వం టిక్‌టాక్‌తో కలిపి 59 యాప్‌లను ఆపేసింది. దాన్నే నమ్ముకుని బేరం పెంచుకున్నవాళ్ళకు కొనేవాళ్ళను మళ్ళీ వెతుక్కునే దారి లేకపోయింది. 2021 అక్టోబర్ 4 రాత్రి ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ దాదాపు ఆరు గంటలు ఆగిపోయాయి. మూడూ ఒకే కంపెనీవి మరి. పేజీ మీదే సర్వం పెట్టడమంటే అద్దె ఇంటికి మన డబ్బుతో గచ్చు చేయించడమే. అందుకని ఒక నోటుపుస్తకం పెట్టు. పేరు, ఊరు, ఫోన్ నంబరు, ఏ చీర తీసుకున్నారు, ఏ రంగు అడిగి దొరక్క ఊరుకున్నారు, ఇవి రాసుకో. ఈ చివరిది అన్నిటికంటే విలువైంది. ఆ రంగు మగ్గం మీదికి ఎక్కిన రోజున అడిగినావిడకు ఒక్క ఫొటో పంపితే చాలు, బేరం కూడా ఆడదు.

వాట్సాప్ బిజినెస్ యాప్ వేసుకో, దానికి డబ్బు కట్టక్కర్లేదు. చీరల ఫొటోలు ధరలతో సహా కేటలాగులో పెట్టొచ్చు. బ్రాడ్‌కాస్ట్ జాబితాలో పంపిన కబురు మాత్రం నీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్ళకే చేరుతుంది. ఈ సంగతి తెలియక చాలామంది పంపుతూనే ఉంటారు, ఎవరూ పలకలేదని బాధపడతారు. ప్రతి పార్సిల్లో ఒక చీటీ పెట్టు, నంబరు సేవ్ చేసుకోమని.

ఇక ఫొటోలు. మంగళగిరి చీర ఒళ్ళు ఎక్కువగా సాదాగానే ఉంటుంది. దాని అందమంతా నిజాం అంచులోనూ, చేతికి తగిలే నేతలోనూ ఉంది. చేతికి తగిలేది ఫోన్‌లో ఎలా చూపిస్తావు? చీరను గుప్పిట్లో నలిపి వదులు. వెలుగుకు అడ్డంగా పట్టుకుని పడుగూ పేకా కనబడేంత దగ్గరగా తీయి. మడత విప్పి కొంగు దులుపు. నానమ్మకు కట్టించి నాలుగడుగులు నడిపించు, మొహమాటపడుతుంది గానీ ఒప్పుకుంటుంది. పొద్దున పూట వసారా నీడలో తీయి. ట్యూబ్‌లైటు కింద తీస్తే రంగు మారుతుంది, ఫిల్టరు వేస్తే ఇంకా మారుతుంది. తిరిగొచ్చే చీరల్లో ఎక్కువ భాగం ఫొటోలో ఒక రంగు, ఇంట్లో ఒక రంగు కనబడ్డవే. రంగు ఫొటోలో సరిగ్గా రాలేదని అనుమానముంటే ముందే చెప్పెయ్.

అన్నిటికన్నా ముఖ్యం, మగ్గాన్ని చూపించు. గుంటలో కాళ్ళు ఆడటం, నాడె అటూ ఇటూ పరుగెత్తడం, అమ్మ కండెలు చుట్టడం. సినిమా పాట తీసేసి మగ్గం చప్పుడే ఉంచు. నీ చీర ఫొటోను ఎవడో ఎత్తుకుపోయి సగం ధర రాసి పెడతాడు, ఇది తప్పదు. మీ నాన్న మగ్గం మీద ఆ చీర సగం నేసి ఉండగా తీసిన వీడియోను మాత్రం వాడు తన పేరున చూపించుకోవడం అంత తేలిక కాదు. మంగళగిరి చీరలకు భౌగోళిక గుర్తింపు ఉంది, ఆ మాట చెప్పు, చేనేత గుర్తు తీసుకుని ఉంటే అదీ చెప్పు. అయినా కొనేవాళ్ళు నమ్మేది కళ్ళతో చూసిన మగ్గాన్నే.

ధర దాచకు. "ప్రైస్ కోసం మెసేజ్ చేయండి" అని రాసేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. అడగడానికి సిగ్గుపడి వెళ్ళిపోయేవాళ్ళే ఎక్కువ. అడిగినదే పదిసార్లు అడిగేవాళ్ళూ వస్తారు, విసుక్కోకు. ఆ మధ్య పచ్చడి ధర ఎక్కువన్న మనిషిని తిడుతూ అమ్మేవాళ్ళ నుంచి వెళ్ళిన ఒక్క వాయిస్ మెసేజ్ ఊరూరా తిరిగి ఎంత రభస అయిందో నువ్వూ చూశావుగా. కోపమొస్తే ఫోన్ పక్కన పెట్టి మంచినీళ్ళు తాగు.

డబ్బు పంపామని స్క్రీన్‌షాట్ చూపిస్తే చాలదు, బ్యాంకు ఖాతాలో పడ్డాకే పార్సిల్ కట్టు. డబ్బు మనకు రావడానికి పిన్ కొట్టమన్నాడంటే వాడు దొంగే. మోసపోతే ఆ క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి. నీ ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ ఖాతాలకు రెండంచెల తాళం (టూ-స్టెప్ వెరిఫికేషన్) ఈరోజే వేసుకో.

అమెరికా నుంచి అడిగేవాళ్ళకు ముందే ఒక మాట చెప్పాలి. 800 డాలర్లలోపు పార్సిళ్ళకు అక్కడున్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29 నుంచి తీసేశారు. ఆ ఖర్చు ఎవరిదో ధరతో పాటే తేల్చుకో.

ఆగస్టు 7 చేనేత దినోత్సవం, దానికి అటూ ఇటూగా శ్రావణం, వరలక్ష్మీ వ్రతం. ఆ రోజుల్లో అందరూ పోస్టులు పెడతారు, నీది ఎవరికీ ఆనదు. జూలై మొదట్లోనే మొదలుపెట్టు. ఆషాఢం తగ్గింపుల పోటీకి మాత్రం దిగకు. ఆషాఢమని నూలు ధర తగ్గదు, నేసినవాడి ఆకలీ తగ్గదు.

ప్రకటనలకు డబ్బు పెట్టాలనిపిస్తే కొద్దిగా పెట్టి చూడు, ఎన్ని లైకులన్నది వదిలేసి ఎన్ని చీరలు కదిలాయో చూసుకో. ఫాలోవర్లను డబ్బిచ్చి కొనే పని మాత్రం వద్దు. వాళ్ళు చీరలు కట్టరు.

నెల తిరిగాక నూలు, కూలి, కొరియర్, తిరిగొచ్చిన చీరలు అన్నీ వేసి లెక్క పంపు. ఏమీ దాచకుండా రాయి, ఎక్కడ సర్దాలో కలిసి చూద్దాం.

ఇట్లు,
మీ అత్తయ్య