నడుము వంగిపోవడం వయసు వల్లేనా?

ఇంట్లో పెద్దావిడ నడుము వంగితే "వయసు మీద పడింది కదా" అని సరిపెట్టుకుంటాం. ఇదివరకు సరిగా ఉండే చీర అంచు ఇప్పుడు నేలకు రాస్తోంది, అటక మీది డబ్బా చేతికి అందడం లేదు. అంటే ఎత్తు తగ్గిందన్నమాట. వయసులో ఉన్నప్పటి ఎత్తు కంటే 4 సెంటీమీటర్లు తగ్గితే వెన్నుపూసల్లో ఒకటో రెండో నలిగి ఉండవచ్చు. డాక్టరుకు చూపించాలి.

ఎముక లోపల పలచబడి గుల్లబారడాన్నే బోలు ఎముకల వ్యాధి, అంటే ఆస్టియోపొరోసిస్ అంటారు. ఎముక విరిగేదాకా నొప్పి ఉండదు. నిండు బిందె ఎత్తినప్పుడో, గట్టిగా దగ్గినప్పుడో వెన్నుపూస నలుగుతుంది. నడుం పట్టేసిందని బామ్ రాసుకుని ఊరుకుంటారు. వెన్ను ముందుకు వంగేకొద్దీ పక్కటెముకలు కడుపు మీదికి దిగుతాయి. నాలుగు ముద్దలకే కడుపు నిండుతుంది, మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. దీన్ని గ్యాస్ అనుకుని ఏళ్ల తరబడి మాత్రలు మింగేవారున్నారు!

ముట్లు ఆగిన స్త్రీలకే ఇది ఎక్కువ. స్టెరాయిడ్ మాత్రలు చాలాకాలం వాడిన మగవారికీ వస్తుంది.

మరో చిక్కు భయం. ఒకసారి పడినవారు మళ్లీ పడతామేమోనని గడప దాటరు. కదలక కండ బలం తగ్గుతుంది, ఎముక ఇంకా పలచబడుతుంది, తూలడం ఎక్కువవుతుంది. తుంటి విరిగితే దొడ్డికి వెళ్లడానికి కూడా మరొకరి సాయం కావాలి. అందుచేత పని మాన్పించకండి, పని చేసే తీరు మార్చండి. కింది వస్తువు తీసేటప్పుడు నడుము కాక మోకాళ్లు వంచాలి. నిండు బిందె ఒకసారి కాక సగం బిందె రెండుసార్లు తేవచ్చు. చీపురుకు పొడుగు కర్ర కట్టండి. స్నానాల గది గోడకు పట్టుకునే కడ్డీ బిగించండి, రాత్రి లైటు ఉంచండి. గుడిలో చాప మీద కూర్చుని లేవలేని పెద్దలకు, వారు అడగక ముందే కుర్చీ వేయండి. అడగడానికి చాలామంది సిగ్గుపడతారు.

ఎముక సాంద్రతను డెక్సా స్కాన్‌తో కొలుస్తారు. టి-స్కోరు మైనస్ 2.5 గానీ అంతకు తక్కువ గానీ ఉంటే ఈ వ్యాధి ఉన్నట్లు. పాలు, పెరుగు, రాగి జావ, ఎండ అవసరమే గాని, ఎముక విరిగినవారికి అవి మాత్రమే చాలవు, మందు కూడా కావాలి. డాక్టరు వారానికొకసారి వేసుకునే అలెండ్రొనేట్ మాత్ర రాస్తే, పరగడుపున గ్లాసు నిండా మంచినీళ్లతో మింగి, అరగంట పడుకోకుండా, ఏమీ తినకుండా ఉండాలి. కాఫీతో మింగితే మందు ఒంటికి సరిగా పట్టదు.