ముఖంపై ముడతలు: మర్దనం, వ్యాయామం ఎంతవరకు ఉపకరిస్తాయి?

వార్ధక్యం శరీరధర్మం. వెంట్రుకలు నెరయడాన్ని పలితమనీ, చర్మం ముడతపడడాన్ని వళి అనీ మన వైద్యగ్రంథాలు పేర్కొన్నాయి. ఈ రెంటినీ సమూలంగా నివారించగల ఔషధం ఏ వైద్యవిధానంలోనూ లేదు. అయితే అవి అకాలంలో రాకుండా జాగ్రత్తపడవచ్చు. వచ్చినవాటిని కొంతమేరకు తగ్గించుకోవచ్చు. ఇందుకు తైలమర్దనం, ముఖ వ్యాయామాలు ఎంతవరకు తోడ్పడతాయో, ఎక్కడ తోడ్పడవో గృహిణులు తెలుసుకోవడం అవసరం. తెలియకపోవడం వల్ల డబ్బు, దానితోపాటు చర్మమూ నష్టపోతున్నవారిని తరచుగా చూస్తున్నాము.

సిద్దిపేట సమీప గ్రామంలో ఉపాధ్యాయినిగా పనిచేస్తున్న ఒక సోదరి, వయస్సు 47 సంవత్సరాలు, కుమార్తె వివాహం నిశ్చయమైన తరువాత ముఖంపై ముడతలు పోవాలని, రంగు తేలాలని ఎవరో చెప్పిన క్రీమును ఏడు నెలలపాటు రాసుకున్నారు. మొదటి నెలలో ముఖం నున్నగా మెరిసింది. ఆ తరువాత ఎండ తగిలితే మంట, బుగ్గలపై ఎర్రని సన్నని రక్తనాళాలు, గడ్డం వద్ద నూగు వెంట్రుకలు మొదలైనాయి. ఆమె తెచ్చిన ట్యూబుపై చిన్న అక్షరాలలో స్టెరాయిడ్ పేరు ఉంది. స్టెరాయిడ్ చర్మాన్ని పలుచన చేస్తుంది. ముడతలు పోగొట్టుకోవాలని రాసిన మందే చర్మాన్ని మరింత సులభంగా ముడతపడేటట్లు చేసిందన్నమాట. ఇటువంటి క్రీమును హఠాత్తుగా మానివేస్తే మంట, ఎరుపు ఇంకా పెరుగుతాయి. అందువల్ల ముందుగా ఆమెను చర్మవైద్యుల వద్దకు పంపవలసి వచ్చింది. వారి చికిత్సతో చర్మం కుదుటపడిన తరువాతనే మర్దనం, వ్యాయామం నేర్పడం జరిగింది.

ముడతలు ఎందుకు ఏర్పడతాయి?

శరీరంలోని ఇతర కండరాలు సాధారణంగా ఎముకలను కదిలిస్తాయి. ముఖంలోని హావభావాల కండరాలు మాత్రం చర్మాన్నే అంటిపెట్టుకొని ఉంటాయి. నుదుటి కండరం పైకి లాగితే నుదుటిపై అడ్డగీతలు పడతాయి. కనుబొమలు ముడిస్తే వాటి మధ్య నిలువుగీతలు వస్తాయి. అంటే కండరం లాగే దిశకు అడ్డంగా ముడత ఏర్పడుతుంది. యౌవనంలో చర్మం వెంటనే యథాస్థితికి వస్తుంది. చర్మపు లోపలి పొరలోని కొల్లాజెన్, ఎలాస్టిన్ అనే తంతువులే ఆ బిగువుకు కారణం. వయస్సుతో ఇవి తగ్గుతాయి. స్త్రీలలో బహిష్టులు ఆగిన తరువాత మొదటి అయిదు సంవత్సరాలలో చర్మంలోని కొల్లాజెన్ సుమారు 30 శాతం వరకు తగ్గుతుందని వైద్యులు చెబుతారు. దీనికితోడు చర్మం క్రిందనున్న కొవ్వు, కండ కరగడం వల్ల బుగ్గలు లోపలికి పోయి చర్మం జారినట్లు కనిపిస్తుంది.

ఆయుర్వేద దృష్టిలో వార్ధక్యం వాతప్రధానమైన దశ. రూక్షత, అనగా పొడిదనం, వాతగుణం. అందుచేతనే స్నిగ్ధమైన తైలానికి ఇక్కడ ప్రాధాన్యం లభించింది.

వీటన్నిటికంటె బలమైన శత్రువు ఎండ. 2012లో అమెరికాలోని ఒక ప్రసిద్ధ వైద్యపత్రికలో 69 ఏళ్ల లారీ డ్రైవరు ఛాయాచిత్రం ప్రచురితమైంది. 28 సంవత్సరాలు బండి నడిపిన అతని ముఖంలో కిటికీవైపు ఉన్న ఎడమభాగం లోతైన ముడతలతో నిండి ఉండగా, కుడిభాగం ఎంతో నయంగా ఉంది. ముఖం ఒకటే, వయస్సు ఒకటే, తేడా ఎండది. కిటికీ అద్దం అతినీలలోహిత కిరణాలలో ఒక రకాన్ని పూర్తిగా ఆపలేదు. బస్సులో ప్రతిరోజూ ఒకే వైపు కూర్చుని ఉద్యోగానికి వెళ్లివచ్చేవారు దీనిని గుర్తుంచుకోవాలి. పొగత్రాగడం, నిద్రలేమి కూడా ముడతలను త్వరపరుస్తాయి.

శాస్త్రం ఏమి చెప్పింది?

వాగ్భటాచార్యులు అష్టాంగహృదయం దినచర్యాధ్యాయంలో నిత్యాభ్యంగనం జరను, శ్రమను, వాతాన్ని హరిస్తుందని పేర్కొన్నారు. అదే గ్రంథంలోని గండూషాది విధి అధ్యాయంలో ముఖలేపాన్ని వివరించి, దానిని సక్రమంగా వాడితే అకాలపలితం, మంగు, వళులు తగ్గుతాయని చెప్పారు. చరకసంహిత తైలగండూషం దవడలకు బలాన్ని, ముఖానికి పుష్టిని ఇస్తుందని తెలిపింది. ‘ముఖానికి పుష్టి’ అన్న మాటను పాఠకులు గమనించాలి. ముడత అనేది చర్మపు గీత మాత్రమే కాదు, దాని క్రింద తగ్గిన పుష్టికి గుర్తు కూడా.

ఆధునిక పరిశోధన కూడా ఈ పుష్టి దగ్గరనే ఆగింది. అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయ వైద్యులు 40 నుండి 65 సంవత్సరాల వయస్సుగల స్త్రీలచేత ముఖ వ్యాయామాలు చేయించి, ఫలితాలను 2018లో ప్రకటించారు. మొదటి 8 వారాలు ప్రతిదినం 30 నిమిషాలు, ఆ తరువాత 12 వారాలు దినం విడిచి దినం చేయించారు. పూర్వాపరాల ఛాయాచిత్రాలను పరిశీలించిన చర్మవైద్యులు పైబుగ్గలు, క్రిందిబుగ్గలు నిండుగా అయినాయని నిర్ణయించారు. చూపునకు తోచే సగటు వయస్సు 50.8 సంవత్సరాల నుండి 48.1కి తగ్గింది. అయితే చేరిన 27 మందిలో చివరివరకు నిలిచినవారు 16 మందే. వ్యాయామం చేయని మరొక వర్గంతో పోల్చి చూడలేదు. కనుక ఇది ఆశ కలిగించే చిన్న ప్రయత్నమే గాని తిరుగులేని రుజువు కాదు.

మరొక ఆక్షేపణ కూడా ఉన్నది. కండరం పదే పదే ముడుచుకోవడం వల్లనే గీతలు పడుతున్నప్పుడు, మరింత కదిలిస్తే గీతలు పెరగవా అని కొందరు చర్మవైద్యులు ప్రశ్నిస్తారు. ఇది సమంజసమైన ప్రశ్న. కనుబొమల మధ్య గీతలకు ఇచ్చే బొట్యులినం ఇంజెక్షన్ కండరాన్ని తాత్కాలికంగా కదలకుండా చేసి పనిచేస్తుంది. కనుక నుదురు ముడిచే, కళ్లు చికిలించే వ్యాయామాలు చేయకూడదు. బుగ్గలకు, పెదవులకు పుష్టినిచ్చేవి చేయాలి. నుదుటికి, కళ్లచుట్టూ విశ్రాంతినిచ్చే మర్దనం చాలు. ఈ భేదాన్ని పాటించడమే ఈ పాఠంలోని ముఖ్యాంశం.

తైలమర్దన విధానం

ఉదయం స్నానానికి ముందు గాని, రాత్రి నిద్రకు ముందు గాని చేయవచ్చు. ముఖాన్ని గోరువెచ్చని నీటితో కడిగి మెత్తని గుడ్డతో అద్దాలి. అర చెంచా నువ్వులనూనెను వేడినీటి గిన్నెలో ఉంచి గోరువెచ్చగా చేసుకోవాలి. నూనె తగినంత లేకపోతే వ్రేళ్లు చర్మాన్ని సాగదీస్తాయి. అది మేలు చేయకపోగా కీడు చేస్తుంది.

1. మెడ: అరచేతులతో మెడ క్రిందినుండి గడ్డం వరకు మృదువుగా పైకి, పదిసార్లు. గొంతుపై నొక్కరాదు.

2. బుగ్గలు: గడ్డం నుండి చెవుల వైపు, ముక్కు ప్రక్కల నుండి కణతల వైపు పదేసి సార్లు.

3. కళ్లచుట్టూ: ఇక్కడి చర్మం మిక్కిలి పలుచన. ఉంగరపు వ్రేలితో మాత్రమే ముట్టీ ముట్టనట్లు అయిదుసార్లు చుట్టాలి.

4. నుదురు: కనుబొమల నడుమ నుండి పైకి, అక్కడనుండి కణతలకు పదిసార్లు. ఈ సమయంలో కళ్లు మూసుకొని నుదుటిని వదులు చేయాలి.

మొత్తం అయిదారు నిమిషాలు చాలు. పావుగంట తరువాత పెసరపిండితో కడుగుకోవాలి. మొటిమలు వచ్చే జిడ్డు ముఖంవారు నూనె వాడరాదు. ముఖ్యంగా కొబ్బరినూనె రంధ్రాలను మూసి మొటిమలను పెంచుతుంది. కఫం ప్రకోపించినప్పుడు, అజీర్ణంలో అభ్యంగనం కూడదని వాగ్భటుని నిషేధం. కుంకుమాది తైలం కొనదలచినవారు కుంకుమపువ్వు ధర ఒకసారి విచారించుకోవాలి. అతిచౌకగా దొరికే సీసాలో అది ఎంత ఉండగలదో వారికే అర్థమవుతుంది.

ముఖ వ్యాయామాలు

వ్యాయామం అర్ధశక్తి వరకే చేయాలని శాస్త్రనియమం. ముఖానికి కూడా ఇది వర్తిస్తుంది. అద్దం ముందు కూర్చుంటే నుదురు ముడుస్తున్నామా లేదా అన్నది తెలుస్తుంది.

మొదటిది: నోటిని సున్నా ఆకారంలో తెరచి, పై పెదవిని పళ్లపైకి మడిచి పట్టాలి. చూపుడువ్రేళ్లను బుగ్గల పైభాగాన తేలికగా ఆనించి, నవ్వినట్లు బుగ్గలను పైకి ఎత్తి దించాలి. పదిసార్లు.

రెండవది: పెదవులు మూసి పళ్లు కనబడకుండా నవ్వాలి. నోటి మూలల నుండి వ్రేళ్లను బుగ్గల పైవరకు జరిపి, 20 అంకెలు లెక్కించేవరకు నిలపాలి. మూడుసార్లు.

మూడవది: నోటినిండా గాలి నింపి, కుడి బుగ్గ నుండి ఎడమ బుగ్గకు, పై పెదవి క్రిందికి, క్రింది పెదవి లోపలికి త్రిప్పాలి. ఒక నిమిషం.

నాలుగవది: గోరువెచ్చని నువ్వులనూనె ఒక చెంచా నోట పోసుకొని మూడు నాలుగు నిమిషాలు పుక్కిలించి ఉమ్మివేయాలి. ఇది కబళం. మింగరాదు. మింగడంలో ఇబ్బంది ఉన్న వృద్ధులకు, పసిపిల్లలకు ఇది పనికిరాదు; నూనె ఊపిరితిత్తులలోనికి పోయే ప్రమాదం ఉన్నది.

దవడ కీలు నొప్పి ఉన్నవారు, ఇటీవల కంటికి శస్త్రచికిత్స గాని, ముఖానికి ఇంజెక్షన్లు గాని చేయించుకున్నవారు వైద్యుని అడిగిన తరువాతనే వీటిని మొదలుపెట్టాలి.

ముఖలేపం

రెండు చెంచాల పెసరపిండి, చెంచా మీగడ, చిటికెడు పసుపు తగినన్ని పాలతో కలిపి వారానికి రెండుసార్లు పట్టించవచ్చు. లేపం పూర్తిగా ఎండే వరకు ఉంచడం మనవారు చేసే పెద్ద పొరపాటు. ఎండిన లేపం చర్మఛాయను చెడగొడుతుందనీ, తడిపి తీసిన తరువాత తైలం రాయాలనీ వాగ్భటుడు స్పష్టంగా చెప్పాడు. లేపం ఉన్నంతసేపు మాట్లాడడం, పొయ్యి దగ్గర, ఎండలో ఉండడం, కోపగించడం కూడదన్నాడు. పడిశం, అజీర్ణం ఉన్నప్పుడు, రాత్రి నిద్రలేనప్పుడు లేపం నిషిద్ధం. నిమ్మరసం పూసుకొని ఎండలోకి వెళ్లడం మరీ ప్రమాదం; చర్మం కమిలి నల్లమచ్చలు పడతాయి.

అసలు రక్షణ

వేసవిలో 40 డిగ్రీలు దాటే మన ప్రాంతంలో ఎండను తప్పించుకోకుండా ఎంత మర్దనం చేసినా చిల్లుకుండలో నీరు పోసినట్లే. కోమటి చెరువు కట్టపై నడకకు వెళ్లేవారు పొద్దెక్కక ముందే ముగించుకోవడం మంచిది. పగలు బయటకు వెళితే గొడుగో, కొంగో, వెడల్పు అంచు టోపీయో తప్పదు. ఎండ నుండి కాపాడే లేపనాన్ని కూడా ముఖానికి, మెడకు రాసుకోవాలి. ఆస్ట్రేలియాలో 903 మందిపై నాలుగున్నర సంవత్సరాలు జరిపి 2013లో ప్రకటించిన పరిశీలనలో, దీనిని ప్రతిదినం రాసుకున్నవారి చర్మం, ఇష్టం వచ్చినప్పుడు రాసుకున్నవారి చర్మంతో పోలిస్తే 24 శాతం తక్కువగా ముదిరినట్లు తేలింది. ఇంత గట్టి ఆధారం మర్దనానికి గాని, వ్యాయామానికి గాని లేదు.

ఒక హెచ్చరిక

ముఖం ఒకేవైపు హఠాత్తుగా జారినా, నోరు వంకరపోయినా, కన్ను మూతపడకపోయినా దానిని ముడతగానో, వాతంగానో తలచి నూనె మర్దించుకుంటూ కూర్చోరాదు. అది పక్షవాతం కావచ్చు. మెదడులోని రక్తపుగడ్డను కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటల లోపల ఇస్తేనే ఉపయోగం. వెంటనే 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. పక్షవాతం కాదని వైద్యులు తేల్చిన తరువాత మర్దనం, వ్యాయామం గురించి ఆలోచించవచ్చు.

పైన పేర్కొన్న సోదరి కుమార్తె వివాహం ముగిసింది. వివాహం నాటికి ఆమె ముఖంపై ఎరుపు పూర్తిగా పోలేదు. ఆ తరువాత అయిదు నెలలు గొడుగు మరువకుండా, వ్యాయామం విడువకుండా చేశారు. మొన్న కలిసినప్పుడు, “ముడతలు పోలేదు సార్, గని ముఖం పీక్కుపోయినట్టు కొడ్తలేదు. మంట లేకుండ నిద్ర పడ్తున్నది, అదే పదివేలు” అన్నారు. ఈ చికిత్స నుండి ఆశించవలసినది కూడా అంతే. 20 వారాలు ఓపికతో చేయగలిగినవారు మొదలుపెట్టండి. మొదటినాడు, చివరినాడు ఒకే వెలుతురులో ఒక్కొక్క ఫోటో తీయించుకొని పోల్చి చూడండి. ఫలితం కనిపిస్తే కొనసాగించండి. కనిపించకపోతే నష్టపోయినది కాసింత నువ్వులనూనె మాత్రమే.