ఎనిగ్మా గుట్టు విప్పిన చేపల ట్రాలర్లు

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ నౌకాదళం చేపల వేట ట్రాలర్లను స్వాధీనం చేసుకుని గస్తీ, మైన్ల ఏరివేత, వాతావరణ పరిశీలనకు వాడుకుంది. వాటిలో పరీక్షార్థులు గుర్తుంచుకోవాల్సినవి మూడు:

• క్రెబ్స్: గస్తీ ట్రాలర్. 1941 మార్చి 4న నార్వేలోని లోఫోటెన్ దీవులపై బ్రిటన్ జరిపిన ఆపరేషన్ క్లేమోర్‌లో చిక్కింది. జర్మన్లు సందేశాలను రహస్య సంకేతాలుగా మార్చడానికి వాడే ఎనిగ్మా యంత్రపు రోటర్లు (తిరిగే చక్రాలు), ఫిబ్రవరి కీ (యంత్రపు అమరికల) పట్టికలు దొరికాయి.

• మ్యూన్షెన్: వాతావరణ నౌక. 1941 మే 7న ఐస్‌లాండ్‌కు ఈశాన్యాన పట్టుబడింది. జూన్ కీలు లభించాయి.

• లావెన్‌బర్గ్: వాతావరణ నౌక. 1941 జూన్ 28న యాన్ మాయెన్ దీవి ప్రాంతంలో చిక్కింది. జూలై కీలు లభించాయి.

వ్యూహం: వాతావరణ నౌకలను పట్టుకోవాలని సూచించింది బ్రిటన్ సంకేత భేదన కేంద్రమైన బ్లెచ్లీ పార్క్ విశ్లేషకుడు హ్యారీ హిన్స్‌లీ.

ఫలితం: జర్మన్ జలాంతర్గాముల (యూ-బోట్ల) సందేశాలను త్వరగా చదివి, అట్లాంటిక్ కాన్వాయ్‌లను దారి మళ్లించే వీలు బ్రిటన్‌కు కలిగింది.